బ్యాటరీకి ఫుల్ అడిషనల్ ఛార్జి

వర్షపాత గణాంకాల ప్రాంతీయ కార్యాలయాన్ని ఏరికోరి వాన పడని ఊళ్ళో పెట్టారు. అదేమిటని అడిగితే, ఇక్కడైతే లెక్క తప్పే అవకాశం తక్కువని సూపరింటెండెంటు కోదండపాణి గారు చెప్పేవారు. ఆయన నవ్వించడానికి చెప్పేవారు కారు. సర్వీసులో చేరిన నాటి నుంచి ఆయన హాస్యానికి ఒక్క మాట అన్నది లేదు. అన్నట్టు ఎవరికైనా అనిపిస్తే అది విన్నవాళ్ళ పొరపాటే.

ఆ ఆఫీసులో వకుళ సీనియర్ అసిస్టెంటు. ఆమెది నరసాపురం. భర్త అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టారు. కూతురు మోక్షిత తండ్రి దగ్గరా, నాయనమ్మ దగ్గరా పెరుగుతోంది. వకుళ ఏ రెండో శనివారమో చూసుకుని బస్సెక్కి వెళ్ళేది. వెళ్ళిన పూటంతా ఆ పిల్ల తల్లిని కొత్త చుట్టాన్ని చూసినట్టు తలుపు చాటు నుంచి చూసేది. కాస్త చనువు చిక్కి ఒళ్ళోకి వచ్చేసరికి తిరుగు బస్సు వేళయ్యేది. ఆ బస్సులో వకుళ ఏడ్చేది. దాచడానికేముంది, కన్నతల్లి కదా. భార్యాభర్తల్ని ఒకే చోట వెయ్యాలన్న నిబంధన కింద బదిలీకి అర్జీ పెట్టుకుని, సర్కారు బదిలీల మీద నిషేధం ఎప్పుడు ఎత్తేస్తుందా అని, ఆ ఊరి రైతులు మబ్బు కోసం చూసినట్టు చూస్తోంది.

అదుగో, సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ ఊడిపడింది.

న్యాయం చెప్పాలంటే సర్క్యులర్‌లో తప్పేమీ లేదు. శాఖలో ఏ ఆఫీసు చూసినా ఇన్వర్టర్ బ్యాటరీలు నాలుగు కాలాలు పనిచెయ్యాల్సినవి ఏడాది తిరక్కుండా మూలపడుతున్నాయట. కరెంటు పోగానే చివరి బొట్టు దాకా పిండెయ్యడం, వచ్చాక తిరిగి సరిగ్గా ఎక్కించకపోవడం, లోపల నీళ్ళు ఎండిపోతున్నా మూత తీసి చూడకపోవడం దానికి కారణాలట. అందుకని ఎవరో తెలివైన ఇంజనీరు, లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు పెరగాలంటే ఏం చెయ్యాలో నాలుగు ముక్కల్లో రాసి పంపాడు. బ్యాటరీ ఎల్లప్పుడూ ఫుల్ ఛార్జిలో ఉండాలి. ఛార్జిని మధ్యలో ఆపరాదు, పూర్తయిన తరువాతే తీయాలి. ఓవర్ ఛార్జి చేయరాదు, చేస్తే బ్యాటరీ ఉబ్బి పగిలిపోవచ్చు. వాడకం లేని వేళ బొట్టు బొట్టుగా ట్రికిల్ ఛార్జి ఇవ్వాలి. సగానికి మించి డిశ్చార్జి కానివ్వరాదు. అంతే.

ఆ ఇంజనీరు చేసిన తప్పల్లా ‘ఛార్జి’ అనే మాటను గవర్నమెంటాఫీసుకు రాయడం. కోదండపాణి గారికి బుద్ధెరిగాక ఆ మాటకు అర్థం ఒక్కటే. ఛార్జి అంటే తీసుకునేది, అప్పగించేది, పక్క సీటాయన సెలవు పెడితే అదనంగా మన నెత్తిన పడేది. దానికీ కరెంటుకీ చుట్టరికం ఉందని బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా, ఆ దేవుడి క్యాడరేమిటని ఆయన అడుగుతారు.

సర్క్యులర్‌ను రెండుసార్లు చదివి ఆయన వకుళను పిలిపించారు.

“మన కార్యాలయపు బ్యాటరీ ప్రస్తుతం ఎవరి ఛార్జిలో ఉన్నది?”

“ఎవరి ఛార్జేంటండీ? ప్లగ్గులో ఉందండి.”

“ప్లగ్గు ఏ క్యాడరు?”

వకుళ ప్లగ్గు వంక చూసింది.

“చూశారా. ఇన్నాళ్ళుగా సదరు బ్యాటరీ ఏ బాధ్యతాయుత ఉద్యోగి ఛార్జిలోనూ లేక అనాథగా పడియున్నది. ఎల్లప్పుడూ ఫుల్ ఛార్జిలో ఉండవలెనని పైవారు స్పష్టముగా ఆదేశించియున్నారు. తక్షణమే మీకు ఫుల్ అడిషనల్ ఛార్జి ఇస్తున్నాను.”

“సార్, వాళ్ళు చెప్పింది కరెంటు ఎక్కించే ఛార్జి గురించండి. మన సెల్‌ఫోన్‌కి పెట్టుకోమూ, అలాగన్నమాట.”

“అమ్మా, నిఘంటువులో అర్థం వేరు, కార్యాలయంలో అర్థం వేరు. మనకు జీతమిచ్చేది నిఘంటువు కాదు.”

పోనిద్దూ, మూలనున్న బ్యాటరీ నన్నేం చేస్తుందిలే అనుకుని వకుళ సంతకం పెట్టింది. సంతకం పెట్టిన మరుక్షణం ఆయన రెండో ఉత్తర్వు వేశారు. అధికారికంగా ఒక ఉద్యోగి ఛార్జి తీసుకున్న తరువాత కూడా ప్లగ్గు ఛార్జిలో కొనసాగడం సర్వీసు నియమాలకు విరుద్ధం కనుక, దాన్ని పీకెయ్యాలన్నారు. ప్లగ్గు పీకింది అటెండరు మస్తానమ్మ. ఆమెది ఆ ఊరే. ఆఫీసు పుట్టిన కాడినించీ అందులో ఉంది, ఇట్లాంటివి చాలా చూసింది.

“ఏందమ్మా ఇది? పాలు తాగే బిడ్డని పక్కలోంచి లాగినట్టు లాగమంటాడు” అంది వకుళతో.

“లాగెయ్ మస్తానమ్మా. రెండ్రోజులు పోతే ఆయనే మర్చిపోతారు” అంది వకుళ. కోదండపాణి గారు మరిచిపోతారనుకోవడం ఆమె అమాయకత్వం.

ఎండలు ముదిరాయి. ఒకనాటి మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, కంప్యూటర్లు ఆరిపోయాయి. అలవాటు కొద్దీ మస్తానమ్మ ఇన్వర్టర్ మీట నొక్కబోతే సూపరింటెండెంటు గారు గదిలోంచి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వచ్చారు.

“ఇప్పుడు దానిని వినియోగించిన యెడల ఏమగును?”

“ఫ్యాన్లు తిరుగుతయ్ సార్.”

“బ్యాటరీ డిశ్చార్జి అగును. ఒకరిని డిశ్చార్జి చేయు అధికారము ఎవరిది? నియమించిన వారిది. దీనిని నియమించినది డైరెక్టరు గారు. వారు నియమించిన దానిని డిశ్చార్జి చేయుటకు నేనెవరిని?”

“సగం దాకా చెయ్యొచ్చని సర్క్యులర్‌లోనే ఉందండి” అంది వకుళ, పైటచెంగుతో విసురుకుంటూ.

“సగం డిశ్చార్జి అనేది ఏ రూల్లో ఉన్నదో చూపండి. ఉద్యోగిని నడుము వరకు తొలగిస్తామా?”

ఆ సమయానికి ఒక రైతు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. వాన లేక పంట పోయిందని పంటల బీమా వాళ్ళకు చూపించడానికి అతనికి ఈ ఆఫీసు కాగితం కావాలి. కరెంటు లేదు, కంప్యూటర్ పనిచెయ్యదు, రేపు రమ్మన్నారు. అతను ఆఫీసంతా ఓసారి కలియజూశాడు.

“వాన పళ్ళేదని రాసిచ్చేదానికి కరెంటెందుకయ్యా? ఆ కిటికీ తీసి చూసినా తెలుస్తది” అన్నాడు.

దాన్ని సూపరింటెండెంటు గారు కంటితో చూసిన ఆధారం కింద పరిశీలించి, కంటికి క్రమాంకనం, అనగా కాలిబ్రేషన్, జరగలేదు కనుక తోసిపుచ్చారు. రైతు ఏవో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అవి ఇక్కడ రాసే మాటలు కావు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. రెండో శనివారం దగ్గర పడింది. ఆదివారం మోక్షిత పుట్టినరోజు. గులాబీ రంగు గౌను కొని, కాగితం చుట్టించి, బ్యాగులో పెట్టుకుని, ఊరు వదలడానికి అనుమతి కోసం వకుళ సూపరింటెండెంటు గారి ముందు నిలబడింది.

“ఛార్జిని మధ్యలో ఆపరాదు” అన్నారాయన, అర్జీని చూడకుండానే.

“ఒక్క రెండ్రోజులండి. మా పాప పుట్టినరోజండి.”

“తమరు ఊరు దాటిన క్షణమున బ్యాటరీ ఛార్జికి అంతరాయము కలుగును. అంతరాయము వలన ఆయుష్షు క్షీణించును. ఇది నేను చెప్పుట లేదు, ఇంజనీరు గారు చెప్పియున్నారు. ఒక పుట్టినరోజు కొరకు ఒక ఆయుష్షును తగ్గించమందురా?”

ఇంకెవరికైనా అప్పగించి వెళ్తానంటే, టీకి వెళ్ళే కాసేపటికైతే మస్తానమ్మకు ట్రికిల్ ఛార్జి ఇవ్వవచ్చు గాని, ఊరు దాటడానికి అది చాలదన్నారు. ఆ రోజు నుంచి వకుళ టీకి లేచినప్పుడల్లా మస్తానమ్మ వచ్చి బ్యాటరీ పక్కన స్టూలు మీద కూర్చునేది. “బొట్టు బొట్టుగా చూసుకుంటన్నాలేమ్మా, నిదానంగా తాగిరా” అనేది.

పుట్టినరోజునాడు వకుళ ఫోన్‌లో పాట పాడింది. మోక్షిత విని, “అమ్మ ఫోన్లోనే ఉంటుంది నాయనమ్మా” అని అవతల ఎవరికో చెప్పింది. వకుళ ఫోను పెట్టేసి, గౌను తీసి చూసుకుని, మళ్ళీ మడతపెట్టింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. బ్యాటరీ మీద కాదు.

మూడో నిబంధన ఓవర్ ఛార్జి చేయరాదని. ఫుల్ ఛార్జి ఉన్న మనిషికి వేరే పని చెబితే ఓవర్ అవుతుంది కనుక సూపరింటెండెంటు గారు వకుళ సీటులోని ఫైళ్ళన్నీ తీయించేశారు. ఇప్పుడామె పని పొద్దున పదింటికి వచ్చి బ్యాటరీ ఎదురుగా కూర్చోవడం, సాయంత్రం లేవడం. గవర్నమెంటు ఉద్యోగులు ఊరికే కూర్చుంటారని జనం ఆడిపోసుకుంటారు గాని, ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఈ సంగతి హెడ్డాఫీసుకు చేరింది. మీరనుకున్నట్టు ఎవరూ నవ్వలేదు. మిగతా ఆఫీసులన్నీ కొత్త బ్యాటరీలు కావాలని దేబిరిస్తుంటే, ఈ ఒక్క ఆఫీసు కిక్కురుమనడం లేదెందుకని అదనపు సంచాలకులు గారు స్వయంగా చూడ్డానికి వచ్చారు. చూసి, చెమట తుడుచుకుని, ఉపన్యసించారు.

“ఉపయోగించుట వలననే వస్తువులు అరిగిపోవుచున్నవి. ఈ మౌలిక సత్యమును గ్రహించిన తొలి కార్యాలయము ఇది. మాసముల తరబడి ఒక్క నిమిషమైనను వినియోగింపబడని ఈ బ్యాటరీ ఇదే క్రమశిక్షణతో కొనసాగిన యెడల నూరేండ్లు జీవించును.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన బ్యాటరీకి శాలువా కప్పారు. దాన్ని ఆదర్శ బ్యాటరీగా ప్రకటించి, మిగతా ఆఫీసులు కూడా ప్లగ్గులు పీకాలని అక్కడికక్కడే ఆదేశమిచ్చారు. శాలువా కప్పుకున్న బ్యాటరీని చూస్తూ మస్తానమ్మ, “పోయినోళ్ళకి కప్పినట్టుంది” అని గొణిగింది. ఆమె నోటి మాట అక్షరాలా నిజం. ఏ బ్యాటరీ అయినా కరెంటెక్కించకుండా అన్ని నెలలు వదిలేస్తే దానంతటదే ఖాళీ అయి, లోపలి పలకలకు తెల్లగా ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. వకుళకు అది తెలుసు. చెప్పినా వినేవాళ్ళు లేక ఊరుకుంది.

అంతలో బదిలీల మీద నిషేధం ఎత్తేశారు. వకుళకు నరసాపురం ఆర్డరు వచ్చింది. అయితే నెలాఖరుకి అక్కడ చేరి తీరాలి, చేరకపోతే నిషేధం తలుపు మళ్ళీ మూసుకుంటుంది, ఇంకెప్పుడు తెరుస్తారో చెప్పే నాథుడు లేడు. వకుళ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, భర్తకు ఫోన్ చేసి, ఇంటి సామాను సర్దడం మొదలుపెట్టింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఆమెకు ఆ సంబరంలో గుర్తు రాలేదు.

“సంతోషము” అన్నారు కోదండపాణి గారు ఆర్డరు చూసి. “బ్యాటరీ ఛార్జి పూర్తయిన వెంటనే రిలీవు చేసెదను.”

“ఎప్పుడు పూర్తవుతుందండి?”

“బ్యాటరీ ఆయుష్షు ఉన్నంతవరకు ఛార్జి ఉండవలెను గదా. ఆయుష్షు తీరిన నాడు పూర్తగును. నూరేండ్లని అదనపు సంచాలకులు గారు సెలవిచ్చియున్నారు.”

నూరేళ్ళకి మోక్షిత మనవరాళ్ళు రిటైరవుతారు. వకుళ బయటికి వచ్చి, నీళ్ళ కుండ పక్కన కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుంది. మస్తానమ్మ పక్కన కూర్చుని వీపు రాసింది.

“ఎందుకమ్మా ఏడుపు? ఒక్క తన్ను తన్నానంటే పోద్దది.”

“అది ఎప్పుడో పోయింది మస్తానమ్మా. పోయిందని ఈయనకి చెప్పేదెలాగే.”

బజారులో బ్యాటరీలు బాగుచేసే ఖాజాను మస్తానమ్మ పిలుచుకొచ్చింది. అతను శాలువా తీసి, రెండు వైర్లు తగిలించి, చిన్న బల్బు పెట్టి చూశాడు. బల్బు మిణుకు కూడా మనలేదు.

“సచ్చిపోయింది సార్. వాడుకుంటా, వాడిన ఎమ్మటే ఎక్కించుకుంటా ఉంటే ఇంకా బతికుండేది” అన్నాడు.

కోదండపాణి గారు ఆ బల్బు వంక చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

“బయటి వ్యక్తి వచ్చి బలవంతము చేసినను డిశ్చార్జి అగుటకు నిరాకరించినది. ఇంతటి విధేయత మనుషులలోనే అరుదు” అని ఖాజాను పంపించేశారు.

నెలాఖరుకి ఒక్కరోజు మిగిలింది. ఆ సాయంత్రం బస్సెక్కకపోతే మర్నాడు నరసాపురంలో చేరడం కుదరదు. పొద్దున్నంతా వకుళ బ్యాటరీ ఎదుట కూర్చుని ఆలోచించింది. ఏడిస్తే పనవ్వదు, నిజం చెబితే అసలే అవ్వదు. ఈ ఆఫీసులో నిజాన్ని వినే చెవులు లేవు, మాటను వినేవి మాత్రం ఉన్నాయి. ముల్లును ముల్లుతోనే తియ్యాలనుకుని, లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, లోపలికి వెళ్ళి, ఆయన భాషలోనే మొదలుపెట్టింది.

“సార్, మనవి చేయుటకు చింతించుచున్నాను. సదరు బ్యాటరీ, సమర్థాధికారి ఉత్తర్వులు లేకుండగనే, తనంతట తానే పూర్తిగా డిశ్చార్జి అయిపోయినది.”

ఆయన చేతిలో కలం ఆగింది. బ్యాటరీ చచ్చిపోయిందంటే ఆయన నమ్మరు గాని, ఇది వేరు.

“ఎవరికీ చెప్పకుండగనా?”

“కనీసం సెలవు చీటీ కూడా పెట్టలేదండి.”

“శాలువా కప్పించుకుని?”

“కప్పించుకునేనండి.”

ఆయన మొహం ఎర్రబడింది. నమ్మినవాడే మోసం చేసినట్టు కాసేపు గోడవైపు చూశారు. తరువాత కాగితం తీసి బ్యాటరీ మీద ఛార్జి మెమో రాశారు. అనుమతి లేకుండా విధుల నుంచి వైదొలగడం మొదటి అభియోగం, పై అధికారుల సత్కారాన్ని దుర్వినియోగం చెయ్యడం రెండోది, సమాచారం దాచడం మూడోది. మస్తానమ్మ ఆ మెమో తీసుకెళ్ళి తిరిగొచ్చింది.

“ఇస్తే తీసుకోటానికి చెయ్యి చాపలేదు సార్. రూలు ప్రకారం నెత్తిన అంటించి వచ్చా.”

“మంచిది. అందినట్లే.”

వకుళ ఇందుకోసమే కాచుకుని ఉంది.

“సార్, ఇప్పుడు బ్యాటరీ మీద ఛార్జీలు ఎన్నండి?”

“మూడు.”

“నా ఫుల్ అడిషనల్ ఛార్జి కూడా దానిమీదే ఉందండి. మరి అప్పటికే ఫుల్‌గా ఉన్నదానిమీద ఇంకో మూడు పెట్టామంటే, ఓవర్ ఛార్జి అయిపోదాండీ?”

కోదండపాణి గారు సర్క్యులర్ తీసి, మూడో నిబంధన మీద వేలు పెట్టి చదువుకున్నారు. ఉబ్బి పగిలిపోవచ్చునన్న చోట వేలు ఆగింది. కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నారు.

“మెమో వెనుకకు తీసుకొనుటకు వీలులేదు. విచారణ ముగియవలెను.”

“అవునండి. కాబట్టి తీస్తే నాది తియ్యాలండి.”

“మధ్యలో తీయరాదు గదా.”

“మధ్య ఎక్కడుందండి? ఫుల్ దాటి ఓవర్ అయిందంటే, ఫుల్ అయిపోయినట్టేగా. పూర్తయిన తరువాత తీయమనే ఉందండి.”

ఆయన ఆమె వంక మొదటిసారి గౌరవంగా చూశారు. ఇన్నాళ్ళకు ఈ ఆఫీసులో తన భాష తెలిసిన మనిషి ఒకరు దొరికితే, ఆ మనిషే వెళ్ళిపోతోందన్న దిగులు కూడా ఆ చూపులో ఉంది. రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం చేసి, కాగితాన్ని దూరం నుంచే, బ్యాటరీ ఉన్న గోడకు ఎడంగా జరుగుతూ, ఆమెకు అందించారు.

“త్వరగా వెళ్ళండి. ఇంకను ఇక్కడ నిలబడుట క్షేమము కాదు.”

వకుళ గుమ్మం దాకా వచ్చిన మస్తానమ్మను కావిలించుకుంది. “పొయ్యిరామ్మా” అని, “వద్దులే, రామాక” అని దిద్దుకుంది మస్తానమ్మ. కళ్ళొత్తుకుని, స్టూలు తీసుకెళ్ళి బ్యాటరీకి దూరంగా వేసుకుంది. విచారణ ముగిసేదాకా దాన్ని కనిపెట్టి ఉండమని ఆమెకు అప్పుడే కొత్త ఉత్తర్వు అందింది.

పొద్దు వాలుతుండగా బస్సు కదిలింది. కిటికీ పక్క సీటులో సర్దుకుని వకుళ ఇంటికి ఫోన్ చేసింది. మోక్షితే ఎత్తింది.

“అమ్మా, బస్సెక్కావా?”

“ఎక్కేశాను తల్లీ.”

“ఈసారి ఎన్ని రోజులుంటావు?”

వకుళ చెప్పబోయేంతలో ఫోన్ ఆరిపోయింది. పొద్దుటి నుంచి దాన్ని పట్టించుకున్న వాళ్ళెవరు? పక్కసీటులోని ఆవిడ అది చూసి, సంచిలోంచి పవర్ బ్యాంకు తీసింది.

“ఛార్జింగ్ పెట్టుకుంటారా అమ్మా?”

“వద్దండి” అంది వకుళ. “ఆ జవాబు నేనే వెళ్ళి చెప్పుకుంటాను.”